సునంద తెచ్చుకున్న వైరు

సునంద ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్క గదిలో ఉన్నవాళ్ళకు ఒక్క ముక్క వినిపించదు. ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి నిలబెడుతుంది, కొంగు నడుముకు దోపుకుంటుంది, రెండు చేతులూ ఖాళీ చేసుకుని దాని ఎదురుగా కూర్చుంటుంది. ఇక మాట్లాడేదంతా చేతులతోనే. అవతల భూపాలపల్లిలో ఉండేది ఆమె ఒక్కగానొక్క బిడ్డ సింధూజ. సింధూజకు పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాలేదు. హైదరాబాదు బడిలో ఆమెతో కలిసి చదువుకున్న రాజీవ్‌కూ అంతే. ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. రాజీవ్ భూపాలపల్లిలో ఫ్లెక్సీలు వేసే షాపులో పనిచేస్తాడు. అతని తల్లిదండ్రులు లేరు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరే.

తల్లీబిడ్డల సైగల్లో సగం బడిలో నేర్చినవి, సగం ఇంట్లో పుట్టినవి. ఇంట్లో పుట్టినవి ప్రపంచం మొత్తంలో వాళ్ళకే అర్థమవుతాయి. సునంద పెనిమిటి కనకయ్యకు కూడా చాలావరకు వస్తాయి కానీ బద్ధకం. 'తిన్నవా, పన్నవా' దాకా చెప్పి లేచిపోతాడు. సునంద మాత్రం ఆ రెండు చేతులతో బిడ్డను తిట్టగలదు, బుజ్జగించగలదు, ఊళ్ళోవాళ్ళ మీద చాడీలు చెప్పగలదు. మరిది రవీందర్ సంగతి ఎత్తాలంటే చొక్కా కాలర్ ఎగరేసినట్టు చూపిస్తే చాలు, సింధూజ పడీపడీ నవ్వుతుంది.

రాసి పంపుకోవచ్చు కదా అని సలహా ఇచ్చిన పెద్దమనుషులు ఉన్నారు. సలహాకు ఖర్చేముంది! సునంద ఏడో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని చదువుతుంది, రాస్తుంది కూడా. కానీ రాతలో ఎవరైనా 'మంచిగున్న' అనే రాస్తారు. కడుపుతో ఉన్న పిల్ల మంచిగుందో లేదో ముఖం చూస్తే కదా తెలిసేది! చేతులు ఎంత చురుగ్గా కదులుతున్నాయో చూస్తే కదా! సింధూజకు ఏడో నెల. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఆ ముఖం చూడకపోతే సునందకు ముద్ద దిగదు.

వాళ్ళ ఊరు జోడుగుట్ట. నర్సింహులపేట రోడ్డు దిగి లోపలికి పోతే రెండు గుట్టల నడుమ ఉంటుంది. సెల్లు సిగ్నల్ ఆ గుట్టలు దాటి ఇళ్ళలోకి రావడానికి నానా తిప్పలు పడుతుంది. మాటకే తెగిపోయే చోట బొమ్మ నిలబడుతుందా? అందుకని ఇంటికి వైరుతో వచ్చే నెట్ కావాలి. గొడవంతా ఆ వైరు దగ్గరే మొదలైంది.

మొదట్లో ఊళ్ళో మూడు కంపెనీల వైర్లుండేవి. ఎవడికి అందిన స్తంభానికి వాడు చుట్టేవాడు. వీధుల మీద నల్ల తీగలు బట్టలారేసే దండేల్లాగా వేలాడేవి. ఒకరోజు కేసముద్రం మార్కెట్‌కు పత్తి లోడుతో పోతున్న ట్రాక్టర్‌కు ఒక వైరు తగులుకుని తెగింది, వెనక మోటర్ సైకిల్ మీద వస్తున్న ఎల్లేశ్ మెడకు చుట్టుకుంది. ప్రాణం దక్కింది గానీ మెడ చుట్టూ వాత మిగిలింది. అతన్ని ఆటోలో వేసుకుని మహబూబాబాద్ దవాఖానకు పరుగెత్తిన వాళ్ళలో సునంద ఉంది. అందుకే గ్రామాభివృద్ధి కమిటీ కూర్చుని 'ఇష్టమొచ్చినట్టు వైర్లు గుంజుడు బంద్' అన్నప్పుడు అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఆమే.

అంతవరకూ ఎవరూ తప్పు పట్టేది లేదు. ఆ మాటను పట్టుకుని కమిటీ ఏం చేసిందో అది చెప్పాలి. జోడుగుట్టలో దేనికైనా వేలం పాట ఉంటుంది. చెరువులో చేపలకు వేలం, బెల్టు షాపుకు వేలం, కోళ్ళ దుకాణానికి వేలం. పాడుకున్నవాడు తప్ప ఇంకొకడు ఊళ్ళో కోడి మెడ మీద కత్తి పెట్టడానికి వీల్లేదు. పక్క ఊరి నుంచి కూర తెచ్చుకుంటూ దొరికితే ఆ కూరతో పాటు తప్పు కింద జరిమానా కట్టిన రసీదు కూడా ఇంటికి పోతుంది. ఆ అలవాటు కొద్దీ కమిటీ పెద్దలు ఇంటర్నెట్‌ను కూడా తెచ్చి కోళ్ళ పక్కన కూర్చోబెట్టారు. 'ఊరికి ఒకటే వైరు, పాట పాడుకున్నోనిదే వైరు' అని చాటించారు. పాట దక్కించుకున్నది దినేశ్. కమిటీ అధ్యక్షుడు రవీందర్‌కు స్వయానా బామ్మర్ది. మిగతా రెండు కంపెనీల వైర్లూ ఒక్క పూటలో కోసి చుట్ట చుట్టేశారు.

రవీందర్ చెడ్డవాడేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కనకయ్య చిన్నాయన కొడుకు, సునందను 'వదినె' అని నోరారా పిలుస్తాడు. పాట పైసలు జేబులో వేసుకోలేదు, బడికి ప్రహరీ కట్టించాడు. కాకపోతే తాను ఊరి మంచి కోసం అనుకున్నది ఊరందరికీ మంచే అయి తీరాలని అతని గట్టి నమ్మకం. అలాంటివాడితో దెబ్బలాట దొంగతో దెబ్బలాటకన్నా కష్టం.

ఇక దినేశ్‌కు పోటీ లేదు. పోటీ లేనివాడికి తొందరేముంటుంది? వైరు ఒకటే, ఇళ్ళు పెరిగిపోయాయి. మాపటిపూట అందరూ టీవీలు పెడితే సునంద ఫోన్‌లో బొమ్మ నత్తలా కదిలేది, కాసేపటికి అదీ ఆగేది. ఒకరోజు సింధూజ డాక్టర్ దగ్గరికి పోయి వచ్చింది. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి 'డాక్టరమ్మ' అంది. ముఖం చిన్నబోయి ఉంది. ఏదో చెప్పబోతూ రెండు చేతులూ పైకెత్తింది. అక్కడ ఆగిపోయింది బొమ్మ.

సునంద అలాగే కూర్చుంది. ఎత్తిన చేతులు దిగలేదు, పిల్ల రెప్ప వాల్చలేదు. డాక్టరమ్మ ఏమంది? కడుపులో బిడ్డకేమైనా అయిందా? కనకయ్య గిన్నెలో అన్నం పెట్టుకొచ్చి పక్కన పెడితే దాన్ని అవతలికి నెట్టింది. మర్నాడు పొద్దున బొమ్మ వచ్చేదాకా ఆమె ప్రాణం ప్రాణంలో లేదు. విషయం ఏమిటంటే బీపీ ఎక్కువుంది, కాన్పుకు పుట్టింటికి ప్రయాణం పెట్టుకోవద్దు, భూపాలపల్లిలోనే ఉండమంది డాక్టరమ్మ. అంటే నొప్పులొచ్చే వేళకు సింధూజ పక్కన ఆమె మాట తెలిసినవాడు రాజీవ్ ఒక్కడే, అతనికీ వినపడదు. కోతలు ముగించుకుని తాను అక్కడికి పోయి ఉండాలని సునంద అప్పుడే అనుకుంది. అప్పటిదాకా చూపు తెగకూడదు. ఏమైనా సరే తెగకూడదు.

దినేశ్‌ను నిలదీసింది. "నెట్టన్నంక ఆగుతది అక్కా," అన్నాడు అతను. "నచ్చకపోతే తీసెయ్. నేనేమన్న పట్టుకున్ననా?"

"తీసేస్త. వేరే కంపెనీది పెట్టుకుంట."

దినేశ్ నవ్వాడు. "పెట్టుకో. ఎవలొచ్చి స్తంభం ఎక్కుతడో నేను గూడ సూస్త."

ఆ నవ్వు సునందకు సూదిలా దిగింది. ఆదివారం కమిటీ కూర్చున్న చోటికి నేరుగా పోయింది. అక్కడికి ఆడవాళ్ళు పిలిస్తే తప్ప పోరు. ఆమెను ఎవరూ పిలవలేదు. కనకయ్య వెనకే వచ్చి చెప్పులు విడిచే చోట ఆగిపోయాడు, ఎటైనా పారిపోవడానికి వీలుగా.

"రవీందర్, నాకు వేరే కంపెనీ నెట్టు కావాలె," అంది సునంద.

"వదినె, నీకు తెల్వందేముంది? తలా ఒక వైరు గుంజుకుంటే మల్ల పాత కథే. ఎల్లేశ్ మెడ యాదికున్నదా లేదా?"

"యాదికున్నది. ఆయన నెత్తి నా ఒడిల పెట్టుకొని దవాఖానకు తీస్కపోయిన. నువ్వప్పుడు ఏడున్నవో నాకు యాదికి లేదు."

ఎవరో కిసుక్కున నవ్వి సర్దుకున్నారు. రవీందర్ ముఖం కొద్దిగా ఎర్రబడింది. సునంద ఆగలేదు.

"వైరు ఎంత ఎత్తుల ఉండాలె, ఏ స్తంభానికి కట్టాలె, తెగితే ఎవలు బాగు చెయ్యాలె, గవన్నీ మీరు చెప్పుండ్రి. నేను వింట. మాట తప్పినోని వైరు కోసి పారేయుండ్రి, కత్తెర నేను తెచ్చిస్త. కని ఏ కంపెనీది పెట్టుకోవాల్నో అది నా ఇష్టం. మీరు కట్టు పెట్టింది వైరుకా, నాకా?"

"ఊరికి పైసలొస్తున్నయి వదినె. బడి గోడ ఎట్ల లేచిందనుకున్నవ్? పదిమంది మంచికి ఒక్కరు జర సర్దుకోవాలె."

"సగం మాటల నా బిడ్డ చేతులు ఆగిపోతున్నయి. ఏం సర్దుకోను? సగం మాట ఇయ్యాల్ల, సగం రేపా? నీతోని ఎవలన్న గట్ల మాట్లాడితె ఊకుంటవా?"

రవీందర్ తల దించుకుని, "దినేశ్‌కు చెప్తలే," అన్నాడు. నిజంగానే చెప్పాడు. కొన్నాళ్ళు నెట్ చక్కగా వచ్చింది. తర్వాత మళ్ళీ ఎక్కడి గొంగడి అక్కడే. బతిమాలితే వచ్చేది బతిమాలినన్నాళ్ళే ఉంటుందని సునందకు అర్థమైపోయింది.

ఈసారి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి జనగామ పోయింది. కోసేసిన కంపెనీల్లో ఒకదాని ఆఫీసు అక్కడుంది. బల్ల వెనక తనూజ అనే చదువుకున్న పిల్ల కూర్చుని అంతా ఓపికగా విన్నది. "ఎవరి నెట్ తీసుకోవాలో మీ ఇష్టం అమ్మా. అట్ల ఒక్కరికే రాసియ్యడానికి కమిటీకి హక్కేమీ లేదు," అంది. సునంద ముఖం వికసించింది. "కాకపోతే మా మనుషులు వస్తే ఊరోళ్ళు నిచ్చెన గుంజి కొట్టినంత పని చేసిన్రు. మీరు కమిటీ దగ్గర అభ్యంతరం లేదని ఒక కాగితం తెస్తే..."

"హక్కు లేనోళ్ళ కాడ కాగితమెందుకు బిడ్డా?" అని అడిగింది సునంద.

 తనూజ కంప్యూటర్‌లో ఏదో వెతికి, "మీ పక్క తండాలో మా లైన్ ఉన్నది. అక్కడ ఏ గొడవా లేదు," అంది. ఆమె ఆ మాట ఎందుకందో గానీ సునంద బస్సులో దారంతా దాన్నే నమిలింది.

ఊరు చేరేసరికి ఇంట్లో నెట్ డబ్బా మీద దీపం ఆరిపోయి ఉంది. జనగామ ప్రయాణం సంగతి దినేశ్ చెవిన పడింది. ఆమె మీద కోపంతో వైరు పీకేశాడు. కనకయ్య మంచం మీద కూర్చుని, "నేను అప్పుడే అన్న," అన్నాడు. ఏమన్నాడో మాత్రం అతనికే గుర్తులేదు. సునంద ఫోన్ తీసుకుని, పొలం గట్టు దాటి, నేరుగా తండాకు నడిచింది.

ఆ తండా వాళ్ళ చేనుకు ఆనుకునే ఉంటుంది. మిరప ఏరేటప్పుడు సునంద చేన్లోకి కూలికి వచ్చే రామి ఇల్లు అందులో మొదటిది. తండా పంచాయతీ వేరయ్యాక జోడుగుట్ట కమిటీ మాట అక్కడ చెల్లదు. వేలం గీలం లేవు. ఎవరికి నచ్చిన కంపెనీ వాళ్ళు పెట్టుకున్నారు. అయినా ఒక్క వైరు కూడా వేలాడదు, ఎందుకంటే వైర్లు గుంజేది రామి తమ్ముడు లక్ష్మా. వదులుగా కడితే రామి తిడుతుంది, ఆ తిట్లు తండా అవతలికి కూడా వినిపిస్తాయి.

రామి చాప పరిచి, తన ఫోన్ ఛార్జర్ పీకేసి సునంద ఫోన్‌కు పెట్టింది. సింధూజ తెరమీదికి వచ్చింది. ముఖం నిండా వచ్చింది, తేటగా వచ్చింది. కన్ను కింద వాపు కూడా కనిపించింది. సునంద చేతులు ఆడించబోయి ముందు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తండా ఆడవాళ్ళు చుట్టూ చేరి ఆ చేతుల్నే చూశారు. రామి రెండు సైగలు అక్కడికక్కడే నేర్చుకుని సింధూజను తిన్నావా అని అడిగింది, బిడ్డ అటునుంచి తిన్నానంది. మిగతా ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

రోజూ అలా వచ్చి పోవచ్చు. కానీ నొప్పులు సునంద వచ్చే వేళ చూసుకుని రావు కదా. పిల్ల పిలిచినప్పుడు తల్లి అక్కడ ఉండాలి. ఆ సంగతే చెబితే రామి తేలిగ్గా తేల్చేసింది. "వైరు గట్టు దాటిస్తే అయిపాయె అక్కా. మా గట్టు, మీ చేను ఒక్కటేనాయె."

ఇల్లు ఊరి నడుమ ఉంది. అక్కడిదాకా తేవాలంటే ఊరి దారి దాటాలి, ఊరి స్తంభాలెక్కాలి. అంతదాకా అక్కర్లేదనుకుంది సునంద. చేన్లో బావి పక్కన మోటర్ కోసం వేసిన రేకుల షెడ్డుంది, కరెంటుంది. అక్కడే ఉంటానంది. వైరుకు స్తంభాలు కావాలిగా, ఎండిపోయిన బోరులోంచి పీకిన ఇనుప పైపులు గోడ వారన పడి ఉన్నాయి. వాటిని గట్టు పొడుగునా పాతించింది. కోత మిషన్ కింది నుంచి పోయినా తగలనంత ఎత్తు ఉండాలని లక్ష్మాకు పదేపదే చెప్పింది. ఎల్లేశ్ మెడ ఆమెకు నిజంగానే గుర్తుంది.

"ఇల్లు ఇడిసిపెట్టి బాయికాడ కాపురమా? ఊరేమనుకుంటది?" అని గోలపెట్టాడు కనకయ్య.

"నువ్వు ఇంట్లనే ఉండు. ఊరేమనుకుంటదో ఇన్కుంట కూసో," అంది సునంద, పొయ్యి సామాను మూటగట్టుకుంటూ.

మర్నాడు పొద్దుగూకే వేళకు కనకయ్య దిండు చంకన పెట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు.  సునంద ఏమీ అడగకుండా ఇంకో పళ్ళెంలో అన్నం పెట్టింది.

లక్ష్మా చివరి పైపు మీద వైరు కడుతుండగా మోటర్ సైకిళ్ళు వచ్చి ఆగాయి. రవీందర్, కమిటీ మనుషులు. గట్టు అవతల రామి, తండావాళ్ళు పనులు ఆపి చూస్తున్నారు.

"దిగురా లక్ష్మా," అన్నాడు రవీందర్.

"దిగకు లక్ష్మా," అంది సునంద. "నీ నిచ్చెన నా చేన్ల ఉన్నది."

"వదినె, ఊరి కట్టు తప్పుతున్నవ్. తప్పు కట్టాల్సొస్తది."

"కట్ట."

"కట్టకపోతే ఊరు నీ తోని ఉండది. వరి కోతకొచ్చింది, సూస్కో. కోత మిషన్ రాదు, ట్రాక్టర్ రాదు, కూలికి ఒక్కరు రారు."

సునంద వరి వైపు చూసింది. గింజ పండి బరువుగా వంగి ఉంది. అదే వాళ్ళకు ఏడాది పొడుగునా తిండి. కనకయ్య ఆమె మోచేయి పట్టుకుని మెల్లిగా గుంజాడు. ఆమె చెయ్యి విడిపించుకుంది.

"రానియ్యకు రవీందర్. వరి పోతే యాసంగికి మల్ల వేసుకుంట. నా బిడ్డ చెప్పేది పోతే ఏడ తెచ్చుకోను? కట్టు లక్ష్మా, గట్టిగ కట్టు."

లక్ష్మా కట్టాడు. ఆ రాత్రికి ముందే ఊరి వాట్సాప్ గ్రూపులో రాత వచ్చింది, సునంద చేన్లోకి ఎవరూ పోవద్దని. వాగ్దానం చేసిన కోత మిషన్‌వాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. పచారీ కొట్టువాడు ఆమెను చూసి తూకం రాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఊళ్ళో ఇది అన్యాయం అనుకున్నవాళ్ళు లేకపోలేదు. అనుకుని, తలుపులేసుకుని, దినేశ్ నెట్ ఆగిపోతే తెర మీద తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చున్నారు. ఒంటరిగా నిలబడ్డ ఆడమనిషిని మెచ్చుకోవడానికి జనానికి తలుపు చాటు కావాలి. పట్టపగలు వచ్చినవాడు ఎల్లేశ్ ఒక్కడే. కొడవలి పట్టుకుని వచ్చి, "నా మెడ పేరు చెప్పి నిన్ను ఆపుతున్నరంటగద అక్కా. నన్నెవలన్న అడిగిన్రా?" అని మడిలో దిగాడు.

రామి తండా ఆడవాళ్ళను తోలుకొచ్చింది. మిషన్ ఒక్క పూటలో కోసేదాన్ని కొడవళ్ళతో కోయాల్సి వచ్చింది. మధ్యలో వాన పడి ఒక మడి మొత్తం నేలకు ఒరిగి మొలకెత్తింది. భూపాలపల్లి ప్రయాణం వెనక్కీ వెనక్కీ జరిగింది. అదొక్కటే సునందను లోపల కోసింది. పగలంతా వంగి కోసేది, మధ్యమధ్య షెడ్డులోకి వచ్చి బిడ్డతో మాట్లాడేది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. 'ఎప్పుడొస్తవ్' అని సింధూజ అడిగేది. 'ఈ మడి అయిపోనియ్యి' అనేది తల్లి.

మడి అయిపోలేదు. ఒకరోజు తెల్లారి పొయ్యి మీద చాయ పెడుతుంటే ఫోన్ వెలిగింది. రాజీవ్ చేతులు గబగబా ఆడుతున్నాయి. వెనక ఆకుపచ్చ తెర, ఇనప మంచం, దాని మీద సింధూజ. నెల నిండకముందే నొప్పులొచ్చాయి. రాజీవ్ ఫోన్ తిప్పి పక్కనున్న నర్సుకు చూపించాడు.

"ఎవరమ్మా మీరు? ఈమె ఏమంటున్నదో మాకేం తెలుస్తలేదు. ఆ అబ్బాయికీ వినపడదాయె. బీపీ చూస్తె ఎక్కువున్నది," అంది నర్సు, పరేషాన్‌గా.

"నేను ఆమె అమ్మను. అమ్మా, ఫోను దానికి కనవడేటట్టు పట్టుకో నీకు పుణ్యముంటది. నువ్వు చెప్పేది దానికి చెప్త. అది చెప్పేది నీకు చెప్త."

నర్సు ఒక్క క్షణం ఆలోచించి, రాజీవ్‌ను బయటికి పంపి, ఫోన్‌ను సెలైన్ స్టాండుకు కట్టింది. ఇటు షెడ్డులో కనకయ్య సునంద ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బద్ధకం ఎక్కడ పోయిందో తెలియదు. సునంద నోరు నర్సుతో, చేతులు బిడ్డతో మాట్లాడటం మొదలైంది.

"తలనొస్తున్నదా అడుగుండ్రి. కండ్ల ముందట మెరుపులొస్తున్నయా?"

చేతులు అడిగాయి. సింధూజ పళ్ళు బిగించి జవాబు చెప్పింది.

"తలనొస్తున్నదట. మెరుపులు లేవట. నడుముల నొప్పి మాత్రం ఆగుతలేదంట. కుడికాలు తిమ్మిరెక్కిందంటున్నది."

"ఇప్పుడే ముక్కద్దని చెప్పండి. నేను చెప్పినంకనే."

చెప్పింది. సింధూజ తల అడ్డంగా ఊపి, నావల్ల కాదంది. సునంద వేళ్ళు గాల్లో తిట్టాయి, వెంటనే బుజ్జగించాయి. నీకు నేనున్నా, నా వైపే చూడు, నా ముఖం మీంచి చూపు తియ్యకు.

అప్పుడే బయట మోటర్ సైకిళ్ళ చప్పుడు. తండా ఆడవాళ్ళు చేన్లో దిగకముందే పని కానిచ్చేద్దామని రవీందర్, దినేశ్ పొద్దున్నే వచ్చారు, వెంట ఇద్దరు కమిటీ మనుషులు. వైరు ఒకచోట ఊరి బండ్ల బాట మీదుగా పోతోందని కొత్తగా కనిపెట్టారు. దినేశ్ చేతిలో కటింగ్ ప్లయర్ ఉంది. రవీందర్ షెడ్డు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వదినె, బాట మీది వైరు తీసేస్తున్నం. ముందుగాల చెప్తున్న."

సునంద వెనక్కి తిరగలేదు. తిరిగితే సింధూజ చూపు జారిపోతుంది. ఆమె చేతులు ఆడుతూనే ఉన్నాయి, నోటితో మాత్రం అంది.

"కొయ్యి రవీందర్. కోసినంక నువ్వే ఫోన్ చేసి ఆ నర్సమ్మకు చెప్పు, నా బిడ్డ ఏమంటున్నదో. నీకు తెలుసు గద ఊరందరికి ఏం కావాల్నో. నా బిడ్డకేం కావాల్నో గూడ నువ్వే చెప్పు."

రవీందర్ ఒక అడుగు లోపలికి వేశాడు. కనకయ్య భుజం మీదుగా అతనికి తెర కనిపించింది. చెమటతో తడిసిన ముఖం, మంచం పట్టీని పట్టుకున్న ఒక చెయ్యి, గాల్లో ఏదో అడుగుతున్న ఇంకో చెయ్యి.  బయట నుంచి దినేశ్, "బావా, కోద్దునా?" అని అరిచాడు. జీవితంలో ఎన్నడూ రవీందర్‌కు ఎదురు చెప్పని కనకయ్య, ఫోన్ కదలనివ్వకుండా, మెడ ఒక్కటే తిప్పి అన్నాడు. "వైరు మీద చెయ్యేస్తే నరుకుత."

 ఎవరూ కోయలేదు.

"ఇప్పుడు," అంది నర్సు. "ఇప్పుడు ముక్కమనండి!"

సునంద రెండు పిడికిళ్ళూ బిగించి కిందికి తోసింది, ఒకసారి, ఇంకోసారి, తన ఒళ్ళంతా అందులో పెట్టి తోసింది. సింధూజ తల్లి చేతుల్నే చూస్తూ తోసింది. తెరలో నర్సు వీపు అడ్డం వచ్చింది. కాసేపు ఏమీ లేదు. 

ఆ తర్వాత ఏడుపు వినిపించింది. ఫోన్‌లోంచి పుట్టి రేకుల కప్పుకు కొట్టుకుని బయటికి పోయింది. 

నర్సు పక్కకు జరిగింది. సింధూజ దిండు మీంచి మెడ ఎత్తి తెర వైపు చూసింది. బిడ్డ నోరు తెరిచి ఉండటం ఆమెకు కనిపిస్తోంది, అంతే. సత్తువ లేని చేత్తో తల్లిని అడిగింది, ఏడ్చిందా?

సునంద కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. రెండూ తల మీదికెత్తి చెప్పింది. ఏడ్చింది బిడ్డా. గట్టిగ ఏడ్చింది. మీ బాపుకు వినవడ్డది. రవీందర్ కాకకు వినవడ్డది. వైరు కొయ్యనీకి వచ్చి నిలవడ్డోళ్ళందరికి వినవడ్డది.